ఆర్గన్ పని ఒప్పుకో, పియానో పని ఆపు

ప్రశ్న: అన్నా, మాది కావలి. వయసు 24. డిగ్రీ అయ్యాక చెన్నైలో ఒక పియానో షాపులో చేరి నాలుగేళ్లు పని నేర్చుకున్నాను. శ్రుతి చేయడం, రెగ్యులేషన్ (మెట్ల కదలిక సరిచేయడం), తీగ తెగితే మార్చడం, తీగల్ని కొట్టే హ్యామర్లు సాపు చేయడం వచ్చు. నాన్నకి ఒంట్లో బాగోక ఇంటికి వచ్చేశాను. వచ్చాక రెండు పనులు తగిలాయి. ఒకటి ఒంగోలు దగ్గర పాత చర్చిలో కాళ్లతో తొక్కే ఆర్గన్. ముందు పలక మీద ఎస్టీ, బ్రాటిల్‌బరో అని ఉంది. గాలి నిలవదు, పది పన్నెండు మెట్లు (కీలు) పలకవు, ఒకటేమో ఆగకుండా మోగుతూనే ఉంటుంది. క్రిస్మస్‌కి ఇంకా నాలుగు నెలలుంది కదా, ఆలోపు సిద్ధం చేయమంటున్నారు. శ్రుతి వాళ్ల కీబోర్డుకు సరిపోవాలట. రెండోది వెంకటగిరి వైపు ఒక పాత ఇంట్లో బల్లలా పొడుగ్గా ఉండే, ఇంగ్లండు బ్రాడ్‌వుడ్ కంపెనీ పియానో. లోపల ఇనుప ఫ్రేము లేదు, తీగలు సగం తుప్పు పట్టాయి. కొత్త తీగలు వేసి, ఇప్పటి ప్రామాణిక శ్రుతి 440కి తెచ్చి, మెరిసేలా పాలిష్ కొట్టి ఇమ్మంటున్నారు ఇంటాయన. డబ్బు బాగానే ఇస్తారు. మా షాపు మాస్టారికి ఫోన్ చేస్తే "పాతవాటి జోలికి పోకు, పేరు పోతుంది" అన్నారు. నాకేమో ఇవే నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టను? దీని మీద బతకగలనా?

జవాబు:

తమ్ముడూ,

చుట్టూ తిప్పకుండా ముందు అడిగినదానికి చెప్పేస్తాను. ఆర్గన్ పని ఒప్పుకో. పియానో పని ఇప్పుడు ఒప్పుకోవద్దు. అలాగని ఆ ఇంటికి వెళ్లడం మానేయకు. అక్కడ నువ్వు నేర్చుకోవాల్సింది చాలా ఉంది, కాకపోతే తీగలు బిగించే ట్యూనింగ్ లివర్ సంచిలోంచి బయటికి తీయకుండా నేర్చుకోవాలి.

నీ చేతిలో పొరపాటు జరిగితే, దాన్ని వెనక్కి తీసుకోగలవా లేదా అన్నదే నేను చూసింది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ఉండేది ఎస్టీ కంపెనీ. 1960లో మూతపడేలోపు ఐదు లక్షలకు పైగా ఇలాంటి రీడ్ ఆర్గన్లు చేసింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు 1840లో నెల్లూరు వచ్చారు, 1866లో క్లౌ దొర ఒంగోల్లో దిగాడు. కాబట్టి అమెరికా ఆర్గన్ మన చర్చిలో కనపడటం వింతేమీ కాదు. వాటి రీడు, అంటే గాలికి మోగే చిన్న ఇత్తడి ముక్క, బయటికి వస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది. తోలు ఊడుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. రేపు ఎవడో ఒకడు విప్పుతాడని తెలిసే చేసిపెట్టారు. ఇక ఆ బ్రాడ్‌వుడ్ సంగతంటావా, అలాంటిది మన చుట్టుపక్కల జిల్లాల్లో ఇంకోటి నీ చేతికి దొరుకుతుందని నేననుకోను. నేర్చుకునే చేతులతో దాని తీగలు విప్పితే, పాడయ్యింది పాడైనట్టే.

మీ మాస్టారు చెప్పింది కొట్టిపారేయకు, సగం నిజముంది అందులో. ఇప్పటి గ్రాండ్ పియానోలో తీగలన్నీ కలిసి లాగే బరువు 18 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. దాన్ని మోసేది పోత ఇనుప ఫ్రేము. నాలుగేళ్లుగా నీ మణికట్టు ఆ ఇనుముకే అలవాటుపడింది. పిన్ను బిగుసుకుంటే ఇంకాస్త గట్టిగా తిప్పుతావు, శ్రుతి దిగిపోతే లాగి పైకి తెస్తావు, కింద ఇనుముంది కదా అన్న ధీమా. అదే చేత్తో చెక్క పియానో ముట్టుకుంటే ప్రమాదమని ఆయన భయం. ఆయన చెప్పని మిగతా సగం ఏమిటంటే, ఆ అలవాటు మార్చుకోవచ్చు. మార్చుకున్నవాళ్లే ఈ పనిలో ఉన్నారు.

ఇక ఆర్గన్.

మొదటి రోజు స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లకు. ఫోను, నోటుబుక్కు, టార్చి, మాస్కు చాలు. మాస్కు మాత్రం మర్చిపోకు, లోపల ఎన్నేళ్ల దుమ్ము, ఎలుకల పెంట ఉంటాయో చెప్పలేం. వెనక చెక్క తీసిన దగ్గర్నుంచి ప్రతి దశకీ ఫోటో తీసుకో. ఏ స్క్రూ ఎక్కడిదో కవరులో వేసి కవరు మీద రాసిపెట్టు. ఊడొచ్చిన పాత తోలు ముక్క, చివికిన ఫెల్టు ముక్క చెత్తలో పారేయకు, అవీ కవర్లోకే పోవాలి. అసలు మందం ఎంత, ఏ రకం తోలు అన్నది రేపు నీకు చెప్పేది ఆ ముక్కే.

అది గాలి పీల్చే పద్ధతి తెలుసుకుంటే సగం రిపేరు అయినట్టే. మన హార్మోనియంలో బెల్లోస్ (గాలితిత్తి) గాలిని రీడులోంచి బయటికి తోస్తుంది. ఈ అమెరికా ఆర్గన్‌ది తలకిందుల వ్యవహారం. పెడల్ తొక్కితే లోపలి గాలి బయటికి పోతుంది, మెట్టు నొక్కగానే బయటి గాలి రీడు గుండా లోపలికి దూరుతుంది. దాని గొంతు మెత్తగా ఉండటానికి ఇదీ ఒక కారణం. గదిలో దుమ్మంతా లోపలికి పీల్చుకునేదీ అందుకే. పలకని మెట్లన్నావే, వాటిలో చాలావాటికి జబ్బు దుమ్మే అయ్యుంటుంది. రీడు నాలుకకీ దాని ఇత్తడి చట్రానికీ మధ్య సందు వెంట్రుక వాసి. అందులో ఓ నలుసు ఇరుక్కుంటే చాలు, నాలుక కదలదు.

ముందు గాలి సంగతి చూడు. స్టాపులన్నీ (మెట్ల పైన లాగే గుబ్బలు) లోపలికి నెట్టి, ఏ మెట్టూ నొక్కకుండా బాగా తొక్కి ఆపు. బెల్లోస్ ముడుచుకుని ఉంటుంది, లోపలి స్ప్రింగులు దాన్ని మళ్లీ తెరవాలని చూస్తుంటాయి. ఎంతసేపట్లో తెరుచుకుందో సెకన్లు లెక్కపెట్టి రాసుకో. పని అయ్యాక మళ్లీ లెక్కపెడితే నీ పని ఎంత పనికొచ్చిందో అంకెల్లో తెలుస్తుంది. గాలి ఎక్కడ పోతోందో కనుక్కోవడానికి ఒక అగరొత్తి చాలు. ఇంకొకరిని తొక్కమని చెప్పి, మడతల వెంట, మూలల వెంట, అతుకుల వెంట పొగని నెమ్మదిగా పోనివ్వు. కన్నం ఉన్నచోట పొగ దారంలా సాగి లోపలికి పోతుంది. పాత బట్టకి, ఎండిన చెక్కకి నిప్పు తగలకుండా చూసుకో. చర్చిలో అగరొత్తి ఏమిటని పెద్దలు కంగారు పడతారు, ఎందుకో ముందే చెప్పి వెలిగించు.

బెల్లోస్ బట్ట చివికిపోయి ఉంటే అతుకులు వేయకు, మొత్తం మార్చు. అసలుది రబ్బరు పూత ఉన్న పల్చటి బట్ట. దొరకలేదని సోఫాల రెక్సిన్ వేసేవాళ్లున్నారు. మందం ఎక్కువై మడత దగ్గర బిర్రుగా నిలబడుతుంది, పెడల్ బరువెక్కి వాయించేవాళ్ల మోకాళ్లు పోతాయి. బంకకి మాత్రం ఫెవికాల్ ముట్టుకోకు. పాత వడ్రంగులు కాచుకునే వజ్రం బంక, సరేసు అంటారే, అదే వాడు. నీళ్లలో నానబెట్టి, గిన్నెలో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర కాచాలి, మరగనిస్తే పట్టు పోతుంది. ఇంత యాతన ఎందుకంటే, వేడి, తడి తగిలితే సరేసు వదిలేస్తుంది. ముప్పై నలభై ఏళ్ల తర్వాత ఇంకో కుర్రాడు ఈ బట్ట మార్చాల్సి వస్తే చెక్క చీరకుండా తీయగలడు. ఫెవికాల్‌తో అతికించావా, వాడు చెక్కని గీకాల్సిందే.

ఈ అతికించే పని దీపావళి లోపు ముగించు. మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టి ముసురు మొదలైతే సరేసు ఆరదు, బూజు కూడా పడుతుంది. క్రిస్మస్ గడువు నాకు నచ్చనిది అందుకే. సరిగ్గా చెక్క నీళ్లు తాగి ఉబ్బే రోజుల్లో వస్తుంది. నువ్వు ఆగస్టులో సాఫీగా చేసిన మెట్టు డిసెంబర్లో బిగుసుకోవచ్చు. "క్రిస్మస్ వారం ముందు వచ్చి మళ్లీ చూస్తాను, అది కూడా పనిలో భాగమే" అని కాగితం మీద రాసి ఇవ్వు.

ఆగకుండా మోగే మెట్టుంది చూడు, ముందు దాన్ని వేలితో పైకి లేపు. మోత ఆగితే మెట్టు ఎక్కడో పక్కదానికో, గైడు పిన్నుకో పట్టేస్తోంది. ఆగకపోతే కింద పాలెట్, అంటే గాలి దారికి ఉండే మూత, మూసుకోవట్లేదు. పాలెట్ తోలు కింద చెత్త ఉందో, స్ప్రింగు నీరసించిందో, మెట్టుకీ పాలెట్‌కీ మధ్య ఉండే చిన్న చెక్క పుల్ల రంధ్రంలో బిగిసిందో, ఆ వరసలో చూసుకుంటూ పో. స్ప్రింగుని వంచడం ఆఖరి పని. చాలామంది దానితోనే మొదలుపెడతారు.

రీడ్లు తీయడానికి కొక్కెం కావాలి. వాటి మడమ దగ్గర చిన్న గాడి ఉంటుంది, దాన్ని పట్టి లాగాలి. సైకిల్ స్పోక్ చివర సుత్తితో పల్చగా కొట్టి కొంచెం వంచినా పని జరుగుతుంది. ఒక్కసారి అన్నీ లాగేయకు. ఒక వరస తీసి, ఒక అట్ట మీద వరస నంబర్లు వేసి, తీసినది తీసినట్టు దాని నంబరు మీద పెట్టు. రీడు మీద స్వరం పేరు చెక్కి ఉంటుంది కదా అని దాన్నే నమ్ముకోకు, ఇంతకు ముందు ఎవడు ఏది ఎక్కడ దూర్చాడో నీకేం తెలుసు. మెత్తటి పొడి బ్రష్షుతో మడమ నుంచి కొస వైపే దులుపు, ఎదురు దులిపితే నాలుక లేస్తుంది. పల్చటి కాగితం నాలుక కింద దూర్చి కొస వైపుగా మెల్లగా లాగు. ఇత్తడే కదా అని చింతపండు, పీతాంబరి, నిమ్మకాయ లాంటివి దాని దగ్గరికి రానివ్వకు. నాలుక మందం కొంచెం తరిగినా శ్రుతి మారిపోతుంది.

ఇంకోటి జాగ్రత్తగా విను. కొన్ని నాలుకలు కొస దగ్గర కొంచెం వంగి, మెలితిరిగి ఉంటాయి. పాడయ్యాయనుకుని వాటిని సరిచేయకు. అది చేసినవాడు కావాలని పెట్టిన వంపు, ఆ రీడు గొంతు అందులోనే ఉంటుంది. ఒక స్టాపులో రీడ్లన్నీ ఒకే తీరుగా వంగి ఉంటే అది పని, ఒక్కటే వేరుగా ఉంటే అది దెబ్బ. పక్కపక్కన పెట్టి టార్చి వెలుగులో అడ్డంగా చూస్తే తెలిసిపోతుంది.

శ్రుతి మాట ఎత్తారన్నావు. రీడు కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. హార్మోనియం రిపేరు చేసేవాళ్లెవరైనా చూపిస్తారు. కానీ గీకిన ఇత్తడి తిరిగి రాదు. దుమ్ము దులిపాక చాలా రీడ్లు వాటంతటవే దారికొస్తాయి, అందుకే దులిపి, బిగించి, కొన్నాళ్లు వాయించనిచ్చి, అప్పుడు కొలిచి చూడు. పక్కవాటితో కలవని ఒకటీ రెండూ ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. మొత్తం ఆర్గన్‌ని 440కి తేవడమన్న మాట మాత్రం ఎత్తొద్దు. అప్పట్లో ఊరికో శ్రుతి. 1859లో ఫ్రాన్సు 435 అని చట్టం చేసుకుంది, ఇంగ్లండులో కచేరీ శ్రుతి 452 దాకా కూడా పోయింది, 440 మీద లండన్‌లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నది 1939లో. ఆ ఆర్గన్ ఏ శ్రుతిలో పుట్టిందో దాన్ని అందులోనే ఉండనివ్వు. చర్చి కీబోర్డులో సెట్టింగ్స్‌లోకి వెళితే ట్యూనింగ్ అని ఉంటుంది, దాన్ని కొంచెం కొంచెంగా జరిపి ఆర్గన్‌కి కలపొచ్చు. రెండు నిమిషాల పని. కీబోర్డు వాయించే కుర్రాడికి నేర్పించి రా, కమిటీ కూడా సంతోషిస్తుంది.

ఇప్పుడు వెంకటగిరి పియానో.

ఇనుప ఫ్రేము లేదంటున్నావు కాబట్టి అది 1820ల నాటిదో, అంతకంటే ముందుదో కావచ్చు. పియానోకి ఒకే ముక్కగా పోత ఇనుప ఫ్రేము బోస్టన్‌లో బాబ్‌కాక్ అనే అతను పేటెంట్ చేసిందే 1825లో. మెట్లు లెక్కపెట్టు. 68 ఉంటే ఐదున్నర ఆక్టేవులు, మెట్టుకి రెండేసి చొప్పున 136 తీగలు, ఆ లాగుడంతా మోసేది చెక్కా, సరేసూ. నులక మంచం ఒకవైపు ఎక్కువ బిగిస్తే కోడు లేచినట్టు, ఈ పియానోలు కూడా ఏళ్ల తరబడి లాగుడుకి మెలితిరిగి ఒక మూల పైకి లేస్తాయి. ఇది కొలవడానికి వడ్రంగుల పద్ధతి ఉంది. పెట్టె నాలుగు మూలల మీదా ఒకే ఎత్తు చెక్క ముక్కలు పెట్టి, ఎదురెదురు మూలలకి రెండు దారాలు బిగువుగా కట్టు. మధ్యలో దారాలు ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకున్నట్టు తగిలితే పెట్టె సాపుగా ఉంది. సందు కనపడినా, ఒకటి ఇంకోదాన్ని నొక్కుతున్నా మెలిక ఉంది. ఎంత సందో స్కేలు పెట్టి కొలిచి ఫోటో తీయి.

ఆ మెలికతో ఉన్న పెట్టెని 440కి లాగడం అంటే ఏమిటో లెక్క చూడు. అది ఇప్పుడు 415 దగ్గర ఉందనుకుందాం. 440కి వెళితే శ్రుతి పెరిగేది 6 శాతమే, కానీ లాగుడు శ్రుతి వర్గంతో పెరుగుతుంది కాబట్టి 12 శాతానికి పైనే పెరుగుతుంది. ఒక్క తీగకి కాదు, 136 తీగలకీ. రెండొందల ఏళ్ల అతుకులు దానికి ఒప్పుకోవు. మొదటి వారం బాగానే ఉంటుంది, డబ్బు తీసుకుని వచ్చేస్తావు. తర్వాత రోహిణి కార్తెలో వెనక వైపు టప్పుమని ఒక అతుకు వదులుతుంది.

తీగల విషయంలో ఒక అపోహ ఉంది, కొత్త ఉక్కు తీగ వేస్తే లాగుడు పెరుగుతుందని. అదే మందం, అదే పొడవు, అదే శ్రుతి అయితే లాగుడు దాదాపు అంతే. తేడా ఎక్కడంటే, పాత ఇనుప తీగ మెత్తనిది, తెగే హద్దుకి దగ్గరగా మోగుతుంది, గొంతు తియ్యగా ఉంటుంది. ఇప్పటి ఉక్కు చాలా గట్టిది, ఆ హద్దుకి ఎంతో దూరంలో బిగుసుకుని కూర్చుంటుంది, గొంతు రేకు మోతలా వస్తుంది. అది నచ్చక ఇంకొంచెం మందం తీగ వేస్తారు, అక్కడ లాగుడు పెరుగుతుంది. కింది స్వరాలకి ఇత్తడి తీగలుంటాయి, వాటి బదులు ఉక్కు వేస్తే ఇక అది ఆ పియానోయే కాదు. పాత పియానోలకి సరిపడే మెత్తటి ఇనుప తీగ విదేశాల్లో చేస్తున్నారు, దొరుకుతుంది. ఇప్పుడు నీ పని మైక్రోమీటరుతో, తుప్పు లేని చోట చూసి, ప్రతి తీగ మందం రాసుకోవడం. పిన్నుల చెక్క మీద సిరాతోనో, అచ్చు గుద్దో చిన్న అంకెలు కనపడొచ్చు, అవి తీగ గేజులు, అంటే మందం నంబర్లు. వాటిని బట్టతో తుడిచేయకు.

పిన్నుల తల చూడు, నలుచదరంగా కాకుండా పలకగా ఉండే అవకాశం ఎక్కువ. నీ దగ్గరున్న స్టార్ టిప్పు దాని మీద పెట్టి తిప్పితే మూలలు అరిగిపోతాయి. దానికి సరిపడే టిప్పు వేరే ఉంటుంది, లేదా లేతు షాపులో చేయించుకోవాలి. హ్యామర్ల మీద ఉన్నది ఫెల్టు కాదు, తోలు. పియానో హ్యామర్లకి ఫెల్టు వాడకం పారిస్‌లో పాప్ అనే తయారీదారు 1826లో తెచ్చాడు. కాబట్టి నీకొచ్చిన సాపు చేయడం, సూదులు గుచ్చడం రెండూ ఇక్కడ పనికిరావు.

పాలిష్ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మెట్ల పైన పేరు రాసిన పలక ఉందే, ఆ అక్షరాలు చాలా పియానోల మీద సిరాతో చేత్తో రాసినవి. స్పిరిట్ తగిలిన గుడ్డ ఒక్కసారి పోతే బ్రాడ్‌వుడ్ అన్న పేరే ఉండదు. పీయూ, మెలమైన్ స్ప్రే కొట్టిన పాత పియానో కొత్త డైనింగ్ టేబుల్‌లా ఉంటుంది, డైనింగ్ టేబుల్ కావాలంటే అంతకంటే చవకగా కొనుక్కోవచ్చు. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవడం తప్ప ఇంకేం వద్దని చెప్పు. మెట్ల మీద తెల్లటి పలకల్లో సన్నటి గీతలు, ముందు ముక్కకీ వెనక ముక్కకీ మధ్య అతుకు కనపడితే అది ఏనుగు దంతం. ఒకటి ఊడిపోయిందని దంతం కోసం ఎక్కడా వాకబు చేయకు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దాని వ్యాపారం నేరం. వాళ్లకి పియానో అమ్మే ఉద్దేశం ఉంటే ముందు అటవీ శాఖ వాళ్లని అడగమను.

లోపల సీరియల్ నంబరు ఉంటుంది. బ్రాడ్‌వుడ్ కంపెనీ పాత దస్తావేజులు ఇంగ్లండులో వోకింగ్ ఊళ్లోని సర్రీ హిస్టరీ సెంటర్‌లో ఉన్నాయి. నంబరు, ఫోటోలు పెట్టి వాళ్లకి ఈమెయిల్ రాస్తే, ఆ పుస్తకంలో ఎక్కి ఉంటే ఏ ఏడాది ఎవరికి పంపారో తెలిసే అవకాశం ఉంది. ఇంటాయనకి ఇది చెప్పి చూడు. "కొత్తగా చేసిస్తాను" అనే మాటకంటే "మీ ఇంట్లో ఉన్నది ఎప్పటిదో కనుక్కుని చెబుతాను" అనే మాటకి పాత ఇళ్లవాళ్లు ఎక్కువ పడిపోతారు. ఈ కొలతలు, ఫోటోలు, నంబరు, పరిస్థితి అన్నీ ఒక నివేదికగా రాసి ఇచ్చి, దానికి ఫీజు అడుగు. మొహమాటపడకు, అది కూడా పనే. పడమటి కిటికీ ఎండ పడే చోటు నుంచి జరపమను. ఆ గదిలో ఏసీ ఉంటే, రాత్రి వేసి పగలు ఆపేయడం కంటే అసలు వేయకపోవడమే దానికి మేలు. కింద పిండి రాలుతుంటే పుచ్చు పురుగు ఇంకా బతికుందన్నమాట, అది మాత్రం ఆలస్యం చేయకూడదు. పురుగు మందు తెచ్చి పిచికారీ చేయకుండా ముందు నాకు రాయి.

ఎక్కడ మొదలుపెట్టను అన్నావు. కొన్ని వందల రూపాయలకి తేమ కొలిచే డిజిటల్ మీటర్లు రెండు కొని, ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఆ చర్చిలో పెట్టు. ఏడాది పాటు, రోహిణి కార్తె నుంచి తుపాన్ల దాకా, వారానికోసారి అంకె రాసుకో. యూరప్ పుస్తకాల్లో 45 శాతం దగ్గర నిలకడగా ఉంచమని ఉంటుంది. సముద్రం పక్కన మనకది కుదరదు. మన గదుల్లో తేమ ఎంత ఊగుతుందో, దానితో పాటు ఏ మెట్టు ఎప్పుడు పట్టేస్తుందో మనమే రాసుకోవాలి, ఇంకొకరు రాసిపెట్టరు.

తర్వాత హార్మోనియాలు. చారిత్రక వాయిద్యాలంటే పియానోకి ముందటి హార్ప్‌సికార్డులు, క్లావికార్డులు అనుకుంటూ, కళ్లముందు ఉన్నవాటిని వదిలేయకు. పద్య నాటకాల హార్మోనిస్టుల ఇళ్లలో అటకల మీద పాత లెగ్ హార్మోనియాలు పడున్నాయి, కొన్నిట్లో జర్మన్ రీడ్లు, పారిస్ రీడ్లు ఉంటాయి. ఆ పెద్దలు బతికుండగా వెళ్లి కూర్చో. ఏ రీడు ఎందుకు పక్కన పెట్టారో, ఏ నటుడికి ఏ శ్రుతి పెట్టేవాళ్లో వాళ్ల నోట్లోనే ఉంది. గుజరాత్‌లో పాలిటానా రీడ్ల తయారీకి పేరుపడ్డ ఊరు, ఎప్పుడైనా వీలైతే వెళ్లి రీడు పుట్టే పని కళ్లారా చూసి రా.

చేతికి చెక్క అలవాటు కావడానికి ఉదయగిరి వెళ్లు. అక్కడ చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల దగ్గర కొన్నాళ్లు ఉలి పట్టుకో. పియానో షాపులో అన్నీ రెడీమేడ్ భాగాలు వస్తాయి, పాత వాయిద్యాల్లో విరిగిన ముక్క నువ్వే చెక్కుకోవాలి. అక్కడ కూర్చుని ఒక క్లావికార్డు మెట్టు చేసి చూడు. అన్నిటికంటే తేలికైన యంత్రం అది. మెట్టు వెనక చివర నిలువుగా ఒక ఇత్తడి రేకు, మెట్టు నొక్కితే అది వెళ్లి తీగకి తగిలి అక్కడే నిలబడుతుంది, అంతే. ఒక్క మెట్టు, ఒక్క తీగ, ఒక పలక. అది పలికేలా చేస్తే వేలి బరువు గొంతుగా ఎలా మారుతుందో నీకు అర్థమవుతుంది. కొన్ని మ్యూజియాలు పాత వాయిద్యాల కొలతల డ్రాయింగులు అమ్ముతాయి, ఆ తర్వాత ఒకటి తెప్పించుకో. ఎడిన్‌బరోలోని సెయింట్ సిసీలియాస్ హాల్‌లో పాత కీబోర్డు వాయిద్యాలు చూడటానికే కాదు, వాయించే స్థితిలో కూడా ఉంచుతారు. మొదటి పియానో చేసిన క్రిస్టోఫోరి చేతిపని మూడే మిగిలాయి, అందులో 1720 నాటిది న్యూయార్కులో ఉంది. ఇవన్నీ ఇంట్లో కూర్చుని ఫోన్లో చూడొచ్చు. బోస్టన్‌లో నార్త్ బెన్నెట్ స్ట్రీట్ స్కూలు, ఇంగ్లండులో న్యూఆర్క్ ఈ పనికి పేరున్న చోట్లు. కానీ అప్పుచేసి ఇప్పుడే పరిగెత్తకు. రెండు మూడేళ్ల పని ఫోటోలు చేతిలో ఉంటే వెళ్లినచోట నీతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

బతకగలనా అంటే, వీటి ఒక్కదాని మీదే అయితే లేదు. నెల్లూరు, ఒంగోల్లో పియానోలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నెలలో కొన్ని రోజులు చెన్నై రైలెక్కి మామూలు పియానోల శ్రుతి చేయి, అది నీ ఇంటి ఖర్చు. తిరునాళ్ల నాటకాల సీజను ముందు హార్మోనియం రిపేర్లు వస్తాయి, చర్చిల్లో పండగల ముందు వస్తాయి. పాతవాటికి మిగిలిన రోజులు పెట్టుకో. నాన్నగారి మందుల ఖర్చు ఉండగా పాత పియానో మీద ప్రేమతో ఉచితంగా చేసిస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకు. ఉచితమంటే ఆ వాయిద్యానికే విలువ లేదనుకుంటారు, రేపు దాని మీద పూలకుండీ పెడతారు.

ఈ వారం నాకు పంపాల్సినవి: ఆర్గన్ వెనక చెక్క తీసిన ఫోటో, బెల్లోస్ మూలల ఫోటోలు, నువ్వు లెక్కపెట్టిన సెకన్లు. పియానోవి పేరు పలక, పిన్నుల తలలు, సీరియల్ నంబరు, ఆ రెండు దారాల మధ్య సందు. బెల్లోస్ బట్ట ఎన్ని మీటర్లు కావాలో కొలిచాకే డబ్బు కట్టు, మడతలకి పోయేది కలుపుకోవడం చాలామంది మర్చిపోతారు.